పొయ్యి కాడి మాట

నా చిన్నప్పుడు మా అమ్మకు కుదురనేది ఉండేది కాదు. కూర్చుంటే లేచేది, లేస్తే ఏదో ఒకటి సర్దేది, సర్దినదాన్నే మళ్లీ తీసి ఇంకోచోట పెట్టేది. జొన్నలు విసురుతూ విసురుతూ ఇసుర్రాయి ఆపేసి, గుమ్మంలోకి పోయి ఎల్లారెడ్డి వైపు పోయే బండ్లబాట కేసి చూసేది. ఆ బాట మీద వచ్చేవాళ్లూ లేరు, పోయేవాళ్లూ లేరు. అయినా చూసేది. నన్ను కేకేసి పిలిచి, నేను పరుగెత్తుకొచ్చేసరికి ఎందుకు పిలిచిందో మర్చిపోయి, "ఏంది, గట్ల నిలబడ్డవ్?" అని నన్నే కసురుకునేది. ఆ గుణం నాకూ వచ్చింది. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు చెబుతూ కూడా మధ్యలో లేచి, పొయ్యి మీద ఏమైనా పెట్టానేమోనని చూసి వచ్చాను. ఏమీ లేదు.

మాది ఎల్లారెడ్డికి దగ్గర్లో ఒక ఊరు. ఊరికి ఎడంగా మా వాడ. మాకు వేరే బావి, వేరే బాట. వాడలో సగం ఇండ్లవాళ్లు అప్పటికే బాప్తిస్మం తీసుకుని దేవుని గుడిసెకు పోతుండేవాళ్లు, సగం మంది ఇంకా తీసుకోలేదు. మా బాపు బండి తోలేవాడు. ఊళ్లో దొరల వడ్లు కామారెడ్డి స్టేషనుకు చేరవేసి, వచ్చేటప్పుడు ఉప్పు బస్తాలో, బట్టల మూటలో వేసుకొచ్చేవాడు. ఎక్కడో పెద్ద యుద్ధం మొదలైందట అని ఆయన స్టేషన్లో విని వచ్చి చెప్పిన ఏడాది సంగతి ఇది. యుద్ధం మాకేం తెలుసు! మా ఇంట్లో జరిగే యుద్ధమే మాకు చాలు.

మా అమ్మకు పసితనంలోనే తల్లి పోతే, మిషను వాళ్ల బోర్డింగులో పెరిగింది. అక్కడ చదవడం, రాయడం, కుట్టుపని నేర్చుకుంది. పెద్దయ్యాక బైబిలమ్మ కావాలన్నది ఒక్కటే ఆమె కోరిక. బైబిలమ్మ అంటే ఊరూరా తిరిగి ఆడవాళ్లకు దేవుని మాట చెప్పే మనిషి. తెల్లచీర, భుజాన సంచి, ఎవరి వాకిట్లోకి పోయినా ముందు పీట వేసేవారు. మా అమ్మ ఆ తెల్లచీరను బోర్డింగులో ఉన్నప్పుడే కళ్లలో పెట్టుకుంది. ఇంతలో పెళ్లి చేశారు. నేను పుట్టాను. నా తరువాత పుట్టినవాళ్లు నిలవలేదు. ఆ తరువాత చిన్నోడు పుట్టాడు. తెల్లచీర మాట తెల్లచీర దగ్గరే ఉండిపోయింది.

మా ప్రాంతానికి ఉన్న బైబిలమ్మ బాగా ముసలిదైంది. కండ్లు మసకలు కమ్మి, బాట కనబడక, పక్కూరికి పోవాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవలసి వచ్చేది. ఆమె జాగాలో ఇంకొకరిని తీసుకుంటామని మిషను పాదిరి అయ్యగారు కబురు పంపారు. కోతలయ్యాక తాను వచ్చి, బాప్తిస్మం అడుగుతున్న ఆడవాళ్లను పరీక్ష చేస్తాననీ, వాళ్లకు నేర్పినవాళ్లు ఎవరో చూసి ఆ రోజే మనిషిని ఎంచుకుంటాననీ ఆ కబురు. ఎంచుకున్న మనిషి మిషను ఊరికి పోయి ఒక ఏడాది తర్ఫీదు తీసుకోవాలి. పసిపిల్లల్ని వెంట తీసుకెళ్లకూడదు.

ఆ కబురు విన్న రోజు నుంచి మా ఇంట్లో గిన్నెలకు కూడా నిద్ర లేదు. అమ్మ ఆ సంగతి ఎత్తడం, బాపు తలొంచుకుని తినడం. ఆయన వద్దని అననూ లేదు, పొమ్మని అననూ లేదు. ఏమీ అనకపోతే మా అమ్మకు ఇంకా ఒళ్లుమండేది. చివరికొక రోజు చేయి కడుక్కుంటూ, "నీకెట్ల మనసైతే గట్ల జెయ్యి. నేనడ్డం రాను. గని పిలగాడు ఇంక పాలు ఇడువలే, సూస్కో," అని బండి కట్టుకుని పోయాడు. అమ్మ ఆ రోజంతా కంచాలు తోమింది. తోమినవే తోమింది. నేను చిన్నోణ్ణి చంకనెత్తుకుని ఆ చప్పుడు వింటూ వాకిట్లో నిలబడ్డాను. అవ్వ పోతదా, పోదా అన్నదొక్కటే నాకు పట్టుకుంది. మేము అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్లం. అవ్వ పోతే చిన్నోడు ఏడుస్తాడు, వాడు ఏడిస్తే నేనేం చేయాలి? నాకు అప్పటికి జడ వేసుకోవడమే సరిగా రాదు.

ఇప్పుడు నిప్పు సంగతి చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. ఆ రోజుల్లో మా వాడలో అగ్గిపెట్టె కొనేవాళ్లు తక్కువ. ఎవరో ఒకరింట్లో పొద్దున్నే పొయ్యి రాజేస్తే మిగతావాళ్లు అక్కడికి పోయి నిప్పు తెచ్చుకునేవాళ్లు. బాపు తెల్లారకముందే బండి కట్టేవాడు కాబట్టి వాడలో ముందుగా రాజుకునేది మా పొయ్యే. చేతిలో ఒక పిడక పట్టుకుని ఆడవాళ్లు వరసగా వచ్చేవాళ్లు. పిడక అంచు నిప్పుల్లో పెట్టి, అది అంటుకునేదాకా అక్కడే గొంతుక్కూర్చునేవాళ్లు. పిడక కట్టెలాగా గబుక్కున అంటుకోదు, నిదానంగా అంటుకుంటుంది. ఆ కూర్చున్న కాసేపట్లోనే మా అమ్మ జొన్నగటక కలుపుతూ, బైబిల్లో ఉన్న పరలోక ప్రార్థన పైకి చెప్పుకునేది. బోర్డింగులో పడ్డ అలవాటు. రోజులో ఆమెకు దేవునితో మాట్లాడే తీరిక ఆ ఒక్కసారే. ఎవరో ఒకరు, "ఏందక్కా అది, మాకు గూడ జెప్పరాదు," అన్నారు. అప్పట్నుంచి ఆమె ఒక మాట చెప్పేది, వాళ్లు ఆ మాట అనేవాళ్లు. పిడక అంటుకోగానే కొంగు అడ్డం పెట్టుకుని ఎవరిండ్లకు వాళ్లు పోయేవాళ్లు.

అలా వచ్చేవాళ్లలో మా పక్కింటి చిన్నమ్మ ఒకామె. అసలు మాట్లాడేది కాదు. అంతకుముందు ఏడు ఆమె నీళ్లకు పోయినప్పుడు, ఆమె బిడ్డ పాకుకుంటూ పోయి పొయ్యిలో చెయ్యి పెట్టింది. పుండు మానలేదు, పిల్ల దక్కలేదు. ఆ తరువాత మా అమ్మకు చిన్నోడంటే భయం పట్టుకుంది. వాడు పొద్దున్నే ఆమె గొంతు విని లేచేవాడు. చాప మీది నుంచి దిగి, తప్పటడుగులు వేస్తూ వెచ్చదనం కోసం నేరుగా పొయ్యి దగ్గరికే వచ్చేవాడు. అమ్మ ప్రార్థన ఆపకుండానే ఎడమచెయ్యి చాచి వాణ్ణి అడ్డుకుని, "పొయ్యి కాడికి రాకు బిడ్డా, కాలుతది," అనేసి, మళ్లీ ప్రార్థన అందుకునేది. రోజూ సరిగ్గా అక్కడే అనేదా అంటే నేను ఒట్టు వేయలేను. నాకు గుర్తున్నంతవరకు, ఈ పూట అన్నం పెట్టమని దేవుణ్ణి అడిగే చోట వాడు వచ్చేవాడు.

ఒకరోజు పొద్దున్నే ముసలి బైబిలమ్మ మా ఇంట్లో ఉంది. రాత్రి చూపు ఆనక మా ఇంట్లోనే పడుకుంది. పొయ్యి పక్కన గోడకానుకుని కూర్చుని, నిప్పుకొచ్చినవాళ్లు చెప్పే ప్రార్థన అంతా కండ్లు మూసుకుని విన్నది. ఒకసారి పెదవులు బిగబట్టుకుంది. నవ్వు ఆపుకుందని ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు పళ్లనొప్పి అనుకున్నాను. వాళ్లంతా పోయాక మా అమ్మ పొయ్యిలో ఇంత కట్టె కుక్కి, మనసులో ఉన్నదంతా ఒక్కసారిగా కక్కేసింది.

"బోర్డింగుల సదివిందంత గీ బూడిదల కలిసిపాయెనమ్మా! దేవునికి నేనేం జేస్తున్న? గటక వండుతున్న, పిలగాని ముడ్డి కడుగుతున్న. గిందుకేనా నన్ను సదివిచ్చింది?"

బైబిలమ్మ ఓదార్చలేదు. దేవుని మాటలేవీ ఎత్తి చెప్పలేదు. "పరీక్షనాడు సూద్దాం తియ్యి బిడ్డా," అని, తాగడానికి ఇన్ని మంచినీళ్లు అడిగింది. మా అమ్మకు ఆ జవాబు నచ్చలేదు. చెంబు ఎంత గట్టిగా కింద పెట్టిందంటే నీళ్లు సగం ఒలికాయి.

పరీక్ష రోజు వచ్చింది. అమ్మ ఆ రోజు తన పెళ్లిచీర కట్టుకుంది. నాకు తలకింత నూనె పెట్టి, పేలు ఉన్నాయేమో చూసి, మధ్యలోనే వదిలేసి చిన్నోడి మొహం కడిగింది. ప్రార్థన గుడిసె లోపల పేడతో అలికి ముగ్గు పెట్టారు. అయ్యగారు ఎల్లారెడ్డి మీదుగా బండిలో వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ప్రయాణంలో దుమ్ము మింగి దగ్గుతున్నారు. మంచి మనిషే కానీ దేవుని పని దగ్గర ఒక అక్షరం అటూ ఇటూ పోనిచ్చేవారు కాదని అందరూ భయపడేవారు. బాప్తిస్మం అడిగిన ఆడవాళ్లు అయిదారుగురు ముందు నిలబడ్డారు. అందరూ మా పొయ్యి దగ్గర నిప్పు తీసుకున్నవాళ్లే. ఎవరు ఎక్కడ నిలబడాలో బైబిలమ్మే భుజాలు తడిమి చూసి నిలబెట్టింది. మా అమ్మ చిన్నోణ్ణి చంకనేసుకుని వెనక గోడ దగ్గర నిలబడింది. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను. ఆమె చిన్నోణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటూనే ఉంది.

అడిగిన ప్రశ్నలకు వాళ్లు బాగానే జవాబులు చెప్పారు. అయ్యగారు తృప్తిగా తలాడించి, ఇక ప్రార్థన చెప్పమన్నారు. ముందున్న పెద్దామె కండ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఎక్కడా తడబడలేదు. అన్నం అడిగే చోటికి వచ్చింది. అడిగింది. అడిగి, ఎడమచెయ్యి పక్కకు చాచి, ఎంతో భక్తిగా, "పొయ్యి కాడికి రాకు బిడ్డా, కాలుతది," అని, ఆగకుండా మిగతా ప్రార్థన చివరిదాకా చెప్పి ఆమేన్ అన్నది.

అయ్యగారు తప్పుగా విన్నాననుకున్నారు కాబోలు, రెండో ఆమెను చెప్పమన్నారు. ఆమె కూడా అదే చోట ఎడమచెయ్యి చాచింది. అదే మాట అన్నది. మా చిన్నోడు తన మాట ఎవరి నోటో వినబడేసరికి మెడ నిక్కించి, ఇక్కడ పొయ్యి ఎక్కడుందా అని గుడిసె అంతా వెతికాడు. మూడో ఆమె మొదలుపెట్టగానే మా అమ్మ, "అయ్యో దేవుడా," అని నోట్లోనే అనుకుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏండ్ల తరబడి ఎదురుచూసిన తెల్లచీర తన నోటి మాటతోనే పాడైపోయింది. పైగా ఆ ఆడవాళ్ల బాప్తిస్మం కూడా ఆగిపోతుందేమో. నాకు అంత చిన్న వయసులోనూ అది అర్థమైంది. అవ్వ ఇక ఎక్కడికీ పోదని సంతోషపడాల్సింది. కానీ ఆమె మొహం చూస్తే నాకు సంతోషం రాలేదు.

ఈ మాట ఎవరు నేర్పారని అయ్యగారు అడిగారు. అందరి తలలూ వెనక్కి, మా అమ్మ వైపు తిరిగాయి. ఆయన నిదానంగానే, అది ప్రార్థనలో మాట కాదనీ, అది తీసేసి చెప్పమనీ అన్నారు. పెద్దామె మళ్లీ మొదలుపెట్టి, అన్నం అడిగే చోటికి వచ్చి ఆగిపోయింది. ముందుకు పోలేదు. ఇంకొకామె ప్రయత్నించింది. ఆమెకూ అక్కడే ఆగింది. చెయ్యి సగం లేచి, ఏం చేయాలో తెలియక గాలిలో ఉండిపోయింది.

అప్పుడు మా పక్కింటి చిన్నమ్మ మాట్లాడింది. ఏడాదిగా ఆమె గొంతు వాడలో ఎవరూ సరిగా విని ఉండరు.

"గా మాట తియ్యకుండ్రయ్యా. మిగిలిన మాటలన్ని మనం దేవునితోని అంటున్నం. గదొక్కటే దేవుడు మనతోని అంటున్నడనుకున్న నేను. అన్నం పెట్టుమని అడిగితే, పెడ్త గని నువ్వు పొయ్యి కాడికి రాకు బిడ్డా, కాలుతది అంటున్నడనుకున్న." ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "నా బిడ్డకు గా మాట జెప్పెటందుకు ఆ పొద్దు నేను ఇంట్ల లేకపోతి. దేవుడన్న జెప్తున్నడు గదా అని, గందుకే రోజు వోతున్న అక్క పొయ్యి కాడికి."

మా అమ్మ మొహం మీది కొంగు తీసింది. ఆమెను అలా నేను ముందెప్పుడూ చూడలేదు. ఏడవడం లేదు. నోరు తెరిచి, ఆ చిన్నమ్మ వీపు వైపే చూస్తోంది.

అయ్యగారు ముగ్గు తొక్కకుండా పక్కగా నడిచి, వెనక్కి మా దగ్గరికి వచ్చి, చిన్నోడి బుగ్గ మీద వేలితో తట్టి, "వీడేనా?" అని అడిగారు.

"వీడేనయ్యా," అన్నది అమ్మ.

"ఇంకా పొయ్యి దగ్గరికి వస్తున్నాడా?"

"రోజు వస్తడయ్యా. ఎంత జెప్పినా ఇనడు."

"అయితే ఇంకా చెప్పవలసిందే," అన్నారాయన. వచ్చినప్పటి నుంచి ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నమే వాళ్లందరికీ బాప్తిస్మం ఇచ్చారు. బండెక్కేముందు అయ్యగారు మా అమ్మను పిలిచి, తర్ఫీదుకు పంపడానికి తనకేమీ అభ్యంతరం లేదనీ, ఆలోచించుకోమనీ చెప్పారు. బాపు కొంచెం దూరంలో ఎద్దుల మెడలు నిమురుతూ నిలబడ్డాడు కానీ చెవులన్నీ ఇటే ఉన్నాయి. నేను కొంగు వదలలేదు. అమ్మ ఒకసారి బాట వైపు చూసింది, రోజూ చూసే ఆ బాట వైపే. "ఇప్పుడు గాదయ్యా," అన్నది. ఎవరూ ఆపలేదు, ఎవరూ బతిమాలలేదు. ఆమే అన్నది.

ఇంటికి పోతుంటే, తాను చెయ్యి పట్టి నడిపిస్తున్న బైబిలమ్మ మీద ఆమె కోపమంతా తిరిగింది. "నీకు ముందుగాల్నే ఎర్కనా అమ్మా?"

"ఎర్క లేకేం. నాకు కండ్లే లెవ్వు గని చెవులున్నయ్."

"మరి సరిజెయ్యకపోతివి! నా ఇజ్జత్ మొత్తం పాయె గదా!"

"సరిజేద్దామనే అనుకున్న. గని నువ్వు జేసేది సేవేనని నేను జెప్తే నీ చెవులకెక్కదాయె. ఆళ్ల నోటితోనన్న ఇంటవని ఊకున్న," అని ముసలామె, "నిదానంగ నడువు, నా కాళ్లకు రాళ్లు గుచ్చుకుంటున్నయ్," అని కసిరింది.

మర్నాడు పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి పొయ్యి చుట్టూ ఆడవాళ్లున్నారు. అమ్మ ప్రార్థన చెబుతోంది. చిన్నోడు అలవాటుగా లేచి పొయ్యి వైపు నడిచాడు. అన్నం అడిగే చోట అమ్మ ఎడమచెయ్యి చాచింది, వాణ్ణి పట్టుకుంది, కానీ మాట గొంతు దాటలేదు. ఇన్నాళ్లూ విసుగ్గా అనేసిన మాట ఆ రోజు ఆమెకు బరువైపోయింది. చుట్టూ కూర్చున్నవాళ్లంతా ఒక్కసారే ఆ మాట అన్నారు. అంతమంది గొంతులు ఒకేసారి వినబడేసరికి చిన్నోడు హడలిపోయి బేరుమన్నాడు. అమ్మ వాణ్ణి ఒళ్లోకి లాక్కుని నవ్వింది, ఏడ్చింది. పొయ్యి మీద గటక అడుగంటింది.

ఆ రోజుతో మా అమ్మ శాంతమూర్తి అయిపోయిందని చెబితే అది అబద్ధం. ఆమె విసుగు ఆమెకు ఉండనే ఉంది. తోమిన కంచాలు మళ్లీ తోమడం మానలేదు, బాట వైపు చూడడం మానలేదు. తెల్లచీర వేరే ఊరి మనిషికి పోయింది. ఆమె మొదటిసారి మా వాడకు వచ్చిన రోజు అమ్మ పీట వేసి, అన్నం పెట్టి పంపించి, సాయంత్రం దాకా జొన్నలు విసిరింది. కానీ దేవునికి నేనేం చేస్తున్నానన్న మాట మాత్రం ఆమె నోట మళ్లీ వినలేదు. చిన్నోడు బడికి పోయే వయసొచ్చాక, బాపు బండిలోనే చుట్టుపక్కల ఊళ్లకు తిరిగింది. మామూలు చీరతోనే పోయేది. వాకిట్లో పీట వేస్తే కూర్చునేది కాదు. నేరుగా లోపలికి, పొయ్యి దగ్గరికి పోయి, ఆ ఇంటి ఇల్లాలి పక్కన గొంతుక్కూర్చుని, పొయ్యి ఎగదోస్తూ మాట్లాడేది.

మా అమ్మ కన్నుమూసింది కామారెడ్డిలో, మా తమ్ముడి ఇంట్లో. అప్పటికి చిన్నోడికి మీసాలు నెరిశాయి. గుంత తవ్వించడం దగ్గర్నుంచి వచ్చినవాళ్లకు చాయ్ ఇప్పించడం దాకా అన్నీ వాడే చూసుకున్నాడు, కంట ఒక చుక్క రాలనివ్వలేదు. మా వాడ నుంచి పాతకాలపు ఆడవాళ్లు మిగిలినవాళ్లు బస్సులో వచ్చారు. కుర్రవాడైన పాస్టరు గుంత దగ్గర ప్రార్థన చెప్పించాడు. అన్నం అడిగే చోటు వచ్చింది. ఆ ముసలి చేతులు, ఎడమచేతులు, అన్నీ ఒక్కసారే పక్కకు లేచాయి. "పొయ్యి కాడికి రాకు బిడ్డా, కాలుతది." పాపం ఆ పాస్టరు మాట మర్చిపోయి నిలబడిపోయాడు. మా తమ్ముడు ఉన్నచోటే మట్టిలో కూలబడి, "అవ్వా" అని చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు.

ఇప్పుడు నా ఇంట్లో నిప్పు కోసం ఎవరూ రారు. మర తిప్పితే మంట వస్తుంది. మనవరాలు ఉద్యోగానికి పరుగెత్తుతూ, తన పిల్లను నాకప్పజెప్పి, "ఇంట్ల ఊకె కూసుంటున్ననని అనుకోకు అవ్వా," అని ముద్దుపెట్టి పోతుంది. నేనేం అనుకోను. పొద్దున్నే చాయ్ పెట్టుకుంటూ ప్రార్థన చెప్పుకుంటాను. అన్నం అడిగే చోట నా ఎడమచెయ్యి దానంతటదే పక్కకు పోతుంది. కొన్నాళ్లు అక్కడ పిల్ల ఉంటుంది, కొన్నాళ్లు ఎవరూ ఉండరు. ఉన్నా లేకున్నా ఆ మాట అంటాను. అని, దేవుడు నాతో అన్న మాటగా ఒక క్షణం ఆగి వింటాను. అప్పుడే మిగతా ప్రార్థన నోట్లోకి వస్తుంది.